ఐదు రూపాయల ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదవండి!

దేవరాపల్లి మండల ప్రజలకు విన్నపం

అమ్మలారా, అయ్యలారా, కొట్టు నడిపే అన్నలారా, బండి మీద బతికే తమ్ముళ్లారా!

ఈ కాగితం ఏమవుతుందో మాకు తెలుసు. మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు కొందరు, చోడవరం బస్సు కిటికీలోంచి గాలికి వదిలేసేవాళ్లు కొందరు. మిగిలినవి సాయంత్రానికి బజ్జీల పొట్లాలవుతాయి. మొదటి రెండిటికీ మాకు అభ్యంతరం లేదు. మూడోది మాత్రం వద్దు. అచ్చు కాగితంలో తినే సరుకు కట్టకూడదని 2018 నుంచి చట్టమే ఉంది. ఎందుకో కింద చెప్తాం.

ముందు బడి దగ్గరికి రండి.

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలు గేటు దాటి పరుగెత్తేది ఎటో మీకు తెలుసు. కొట్టు ముందు తోరణాల్లా వేలాడుతుంటాయి ఎర్రవీ, నీలంవీ, పసుపువీ, ఒకదాని కొసకొకటి అతుక్కున్న ప్యాకెట్ల దండలు. రెండో తరగతి గుంటది ఒకతి మునివేళ్ల మీద లేచి ఒకటి తెంపుకుంది. గుప్పిట్లో వేడెక్కిన ఐదు రూపాయల బిళ్ల కొట్టాయన ముందు పెట్టింది. పళ్లతో చింపింది. తినడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆఖర్న వేళ్లకంటిన ఎర్ర కారం నాక్కుని, ఆ వేళ్లు గౌనుకు తుడుచుకుని, ఖాళీ కవరు కాలవలో పడేసి పోయింది. మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుని "ఆకల్లేదు టీచర్" అన్నదీ ఆ పిల్లే. గుడ్డు తిని అన్నం వదిలేసింది.

మేమూ అలాంటి ప్యాకెట్టే ఒకటి కొన్నాం. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు. ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివాం. బరువు 12 గ్రాములు అని ఉంది. 12 గ్రాములు 5 రూపాయలైతే కిలో ఎంత? నాలుగు వందల పదిహేడు రూపాయలు! సంతలో బంగాళదుంపలు కిలో మీద ఐదు రూపాయలు పెరిగితే "ఇదేటి అన్యాయం" అని గొడవపడతాం. వంకాయల దగ్గర పావలా పరకా బేరం ఆడతాం. కిలో నాలుగు వందల సరుకును మాత్రం రోజూ పిల్లల చేత కొనిపిస్తున్నాం, ఎవ్వరం నోరు మెదపం. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రోజుకు చెరో ఐదైతే నెలకు మూడు వందలు. దాంతో నెలకు రెండు కిలోల వేరుశనగ గుళ్లు వస్తాయి.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. లోపలేముందో చూద్దాం.

ప్యాకెట్టు ముందువైపు కంపెనీవాళ్లు తమకిష్టమైన బొమ్మ వేసుకుంటారు. ఎర్రటి టమాటా, పచ్చటి కొత్తిమీర, నవ్వుతున్న సినిమా నటుడు. వెనకవైపు మాత్రం చట్టం చెప్పింది రాయక తప్పదు. అందుకే అక్కడి అక్షరాలు అంత చిన్నవి! ఆ చిన్న అక్షరాలు చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి చాలు. ఏ సరుకు ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలి, తక్కువది తర్వాత రాయాలి. ఇది నియమం. చాలా ప్యాకెట్ల మీద మొదటి పేరు ఏదో ఒక పిండి లేదా దుంప. రెండోది నూనె, ఎక్కువగా పామోలిన్. ఆ వెంటనే ఉప్పు, చక్కెర. టమాటా ఎక్కడుందంటే, వరసలో ఎక్కడో అడుగున, పొడి రూపంలో, నూటికి ఒకటో అరో. వంద గ్రాముల చిప్స్‌లో 30 గ్రాములకు పైగా నూనే ఉంటుంది. అంటే మూడో వంతు. దుంప పేరు చెప్పి మనం కొంటున్నది నూనె.

ఉప్పు ఎంతుందో చెప్పే చోట మాత్రం ఉప్పు అని రాయరు. సోడియం అని, అదీ మిల్లీగ్రాముల్లో రాస్తారు. ఈ ఒక్క లెక్క నేర్చుకోండి: సోడియం ఎన్ని మిల్లీగ్రాములుంటే దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తేలుతుంది. వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల సోడియం ఉన్న నూడిల్స్ బజారులో బోలెడు. 70 గ్రాముల ప్యాకెట్టు వండి పెట్టామంటే పిల్లాడి ఒంట్లోకి 700 మిల్లీగ్రాములు, అంటే పావు తక్కువ రెండు గ్రాముల ఉప్పు వెళ్లినట్టు. పెద్దమనిషికే రోజు మొత్తానికీ 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒక చెంచాడు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా అదే చెప్తోంది. మనింట్లో పప్పు, చారు, ఆవకాయ లెక్క ఇంకా మొదలవనే లేదు, రెండు నిమిషాల్లో వండేది మూడో వంతు పట్టుకుపోయింది.

ఈ జాతీయ పోషకాహార సంస్థ గురించి ఒక మాట. 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో మెకారిసన్ అనే తెల్లదొర చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాద్ వచ్చింది. వందేళ్లుగా మనం ఏం తింటున్నామో తూచి లెక్కగడుతోంది. ఆ సంస్థ 2024 మేలో దేశ ప్రజలకు 17 సూచనలతో ఒక పుస్తకం విడుదల చేసింది. మన దేశంలో జబ్బుల భారంలో నూటికి 56 వంతులు తిండి సరిగా లేనందువల్లే అని అందులో రాసింది. దోమలూ, మురుగునీరూ కాదు, తిండి! మనం మాత్రం గ్రామసభలో కాలవల పూడిక గురించి మాట్లాడతాం (మాట్లాడాలి కూడా), పిల్లల నోట్లోకి పోయేదాని గురించి మాట్లాడం.

ఇక తీపి. పది రూపాయల కూల్‌డ్రింకు సీసా తిప్పి చూడండి. వంద మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర అని ఉంటుంది. 200 మిల్లీలీటర్ల చిన్న సీసాలో నాలుగు చెంచాలకు పైనే. పెద్దవాళ్లు కూడా రోజుకు 20, 25 గ్రాముల చక్కెర దాటొద్దని అదే పోషకాహార సంస్థ మాట. ఆటలాడి చెమటతో వచ్చిన కుర్రాడు ఆ సీసా ఒక్క గుక్కలో తాగేశాడంటే ఆ రోజు వాటా అయిపోయింది. ఎవరైనా టీలో నాలుగు చెంచాల పంచదార వేసి మీ పిల్లాడికిస్తే ఊరుకుంటారా? అదే పంచదార చల్లగా, బుడగలతో వస్తే పండగ. "పళ్ల రసం" అని మామిడికాయ బొమ్మతో అమ్మే డబ్బాలూ ఈ కోవలోవే. వాటిలో పండు వాటా ఎంతో వెనక రాసి ఉంటుంది, చదివి మీరే నవ్వుకోండి.

పాలల్లో కలిపే పొడి ఒకటుంది. మూడు వందలు పెట్టి డబ్బా కొని, "మావాడికి బలం" అని మురిసిపోతాం. 'హెల్త్ డ్రింక్' అనే మాటకు మన ఆహార చట్టంలో అర్థమే లేదు. ఆ పేరు కింద అలాంటి పొడులను అమ్మకూడదని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పింది. డబ్బా మీద ఆ పేరు పోయి ఉండొచ్చు. లోపలి చక్కెర పోయిందో లేదో వెనక చూడండి. అదే ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని పబ్లిక్ ఐ అనే సంస్థ ఇంకో సంగతి బయటపెట్టింది. ఒక పెద్ద బహుళజాతి కంపెనీ తన దేశంలో చక్కెర కలపకుండా అమ్మే పసిపిల్లల ఆహారాన్ని మన దేశంలో చక్కెర కలిపి అమ్ముతోందని. రెండేళ్లలోపు బిడ్డకు చక్కెర కలిపినవేవీ పెట్టొద్దని వైద్యులు చెప్తుంటే, నాలిక తిరగని పసిదానికే తీపి అలవాటు చేస్తున్నారు. ఆ నాలికే రేపు బడి గేటు దగ్గర మునివేళ్ల మీద లేస్తుంది.

కొట్టాయన్ని తిట్టడానికి ఈ కాగితం వేయలేదు. ఆయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. మొహమాటపడుతూనే చెప్పాడు: "నన్నేటి సెయ్యమంటారు బాబూ? నాను మానేత్తే గుంటలు పక్క కొట్లో కొంటారు. సెనక్కాయ ఉండలు సీసాలో పెట్టి సూసాను, ఒక్కడూ సెయ్యి పెట్టలేదు. ఆల్లకి రంగు కవరు కావాల." నిజమే చెప్పాడు. వ్యాను ఇంటి ముందుకొచ్చి సరుకు దించుతుంది, అమ్ముడు పోనిది వెనక్కి తీసుకుంటుంది, పైన అంతో ఇంతో లాభం. వేరుశనగ ఉండలకు ఆ వ్యాను లేదు, ఆ రంగు లేదు, టీవీలో ఆ పాట లేదు. ఒక్క కొట్టు మానేస్తే ఆ కొట్టు నష్టపోతుంది, అంతే. ఒక్క తల్లి "కొనొద్దు" అంటే ఆ ఇంట్లో ఏడుపు, అంతే. మాకు ఎక్కువ రోజులు పట్టింది ఇది అర్థం కావడానికే. ఇది పిల్లల క్రమశిక్షణ గురించో, తల్లుల బద్ధకం గురించో కాదు. ఊరంతా ఒక్కసారిగా తీసుకోవాల్సిన నిర్ణయం.

బండి మీద బజ్జీలు వేసే తమ్ముళ్లూ, మీ వైపు తిరుగుతున్నాం, కోపగించుకోకండి. మీ మిరపకాయ బజ్జీ, పునుగులు మాకూ ఇష్టమే. అడిగేది మూడు సంగతులు. మొదటిది నూనె. నిన్నటి నూనె మీద ఈరోజు పోసి, రేపు దానిమీద మళ్లీ పోసి, అది నల్లటి కషాయమయ్యేదాకా లాగుతున్నారు. నూనె మాటిమాటికీ కాగుతుంటే అందులో పాడు పదార్థాలు పేరుకుంటాయి. అవి నూటికి 25 వంతులు దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. కొలిచే యంత్రం మీ దగ్గర ఉండదు, మా దగ్గరా లేదు. కానీ రంగు ముదిరి, చిక్కబడి, నురగ కట్టి, పొగ కళ్లకు తగులుతుంటే మీకే తెలుస్తుంది. ఆ నూనె మీ ఇంట్లో పిల్లలకు వాడతారా? వాడరు. రెండోది రంగు. నూడిల్స్, మంచూరియా ఎర్రగా నిప్పులా ఉండాలని చిటికెడు రంగు వేస్తున్నారు. పీచుమిఠాయిలో గుడ్డలకు అద్దే రోడమిన్-బి రంగు దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దాన్ని నిషేధించింది. మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో రంగులు వద్దంది. కాశ్మీరీ మిరప వేస్తే ఎర్రగానే ఉంటుంది, నాలుగు రూపాయలు ఎక్కువవుతుంది. ఆ నాలుగు రూపాయలు మేమిస్తాం, ధర పెంచండి.

మూడోది కాగితం. వేడి బజ్జీ నూనెకు అచ్చు సిరా కరిగి తిండిలోకి దిగుతుంది. ఆ సిరాలో సీసం లాంటివీ ఉంటాయి. అందుకే కేంద్ర ఆహార భద్రత సంస్థ 2016లో ఒకసారి, 2023లో ఇంకోసారి హెచ్చరించింది. మనకేం తక్కువ? పైన అనంతగిరి కొండల్లో గిరిజనులు అడ్డాకులు కోసి, కట్టలు కట్టి దించుతారు. ఎన్నో పెళ్లిళ్లు అడ్డాకు విస్తళ్ల మీదే జరిగాయి. బజ్జీకి ఒక్క అడ్డాకు చాలు. కొండ మీది ఇంట్లో నాలుగు రూపాయలు పడతాయి, మన పొట్టలో సిరా పడదు.

డాల్డా గురించి రెండు ముక్కలే. మన దగ్గర బేకరీల్లో కర్రీ పఫ్ పొరలు పొరలుగా రాలడానికి, క్రీము బన్ను మీది తెల్లటి పూత గట్టిపడడానికి వనస్పతే ఎక్కువ వాడతారు. అందులోని ట్రాన్స్ ఫ్యాట్ వల్ల గుండె రక్తనాళాల్లో పూడిక చేరుతుంది. దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో అది నూటికి 2 వంతులు దాటకూడదని 2022 జనవరి నుంచి హద్దు పెట్టారు. పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద కనీసం రాస్తారు. విడిగా అమ్మే పఫ్ మీద ఎవరు రాస్తారు?

ఇప్పుడు మాకు కొంచెం కష్టమైన సంగతి. మనది చెరకు సీమ. గోవాడ చక్కెర మిల్లుకు చెరకు తోలిన ఇళ్లు మనవి, అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు దిమ్మలు పంపిన ఇళ్లు మనవి. తీపికి వ్యతిరేకంగా కాగితం వేస్తే మా ఇళ్లలోనే అన్నం పెట్టరేమోనని ఒకాయన నవ్వాడు. చెరకు రైతు మీద మాకే కోపమూ లేదు. కానీ రెండు నిజాలు చెప్పాలి. బెల్లం పంచదార కాదని, సుగరున్నవాళ్లు తినొచ్చని అనుకోకండి. బెల్లంలోనూ చాలా మటుకు చక్కెరే. ఇనుము, ఖనిజాలు కొంచెం ఎక్కువ, అంతే. రెండోది: బెల్లం దిమ్మ పసుపుగా, తళతళలాడుతూ ఉంటేనే కొనేవాడు ధర పెడతాడు. అందుకని మరిగే పాకంలో హైడ్రోస్ పొడి వేస్తారు. అది గంధకం మందు, బెల్లానికి అది చేసేది రంగు పోగొట్టడం ఒక్కటే. బెల్లంలో గంధక డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 70 వంతులు దాటకూడదని చట్టం. మన తాతలు బెండ మొక్క కాండం నలగ్గొట్టి, ఆ జిగురు పాకంలో వేసి మడ్డి తీసేవారు. ఆ బెల్లం ముదురు గోధుమ రంగులో ఉండేది. రైతు హైడ్రోస్ వేస్తున్నాడంటే తప్పు రైతుది కాదు, తెల్లటి బెల్లం ఏరుకునే మనది. సంక్రాంతికి అరిసెలకు నల్ల బెల్లం అడిగి కొనండి, రెండేళ్లలో గానుగల దగ్గర హైడ్రోస్ సంచులు మాయమవుతాయి. మాడుగుల హల్వా జోలికి మాత్రం మేం రాం. పండక్కీ పెళ్లికీ తినేది పండక్కీ పెళ్లికీ తినండి. రోజూ తినేదాని గురించే మా గోల.

రోజూ తినేది అనగానే కంచం వైపు చూసుకోవాలి. అన్నీ ప్యాకెట్ల మీదే తోసేస్తే అది అబద్ధమవుతుంది. కొండంత తెల్లన్నం, చెంచాడు కూర, వేలెడు ఆవకాయ, వేయించిన ఎండుచేప, అప్పడం. ఉప్పు ఎంతైందో చూసుకున్నారా? 2025 సెప్టెంబరులో మద్రాసు డయాబెటిస్ పరిశోధకులు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు కలిసి దేశమంతా తిరిగి తేల్చింది ఇదీ: మనం తినే శక్తిలో నూటికి 62 వంతులు పిండి పదార్థాల నుంచే వస్తోంది. మాంసకృత్తులు చాలా తక్కువ. అదే బృందం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో సుగరున్నవాళ్లు 10 కోట్ల పైమాటే, సుగరు అంచున ఉన్నవాళ్లు ఇంకో 13 కోట్లు. ఒకప్పుడు సుగరు పట్నం జబ్బు, కుర్చీల్లో కూర్చునేవాళ్ల జబ్బు. ఇప్పుడు నాట్లు వేసే అమ్మకూ ఉంది.

ఇంకోవైపు మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒంట్లో కొవ్వు పెరుగుతోంది, రక్తం తగ్గుతోంది. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో. కడుపు నిండుతోంది కానీ ఒంటికి కావాల్సింది అందడం లేదంటే ఇదే.

మన అమ్మమ్మలు చోడి అంబలి తాగి పొలానికి వెళ్లేవారు. సామలు, గంట్లు, ఉలవలు ఈ మెట్టల్లోనే పండేవి. ఆ రోజులే బాగున్నాయని పాట పాడం, అప్పుడు ఆకలీ ఉంది, పురిట్లో పోయిన బిడ్డలూ ఉన్నారు. కానీ చోళ్లలోని ఇనుము, సున్నం ఏ పది రూపాయల ప్యాకెట్టులోనూ లేవు. ప్రభుత్వమే 2023 నుంచి బడిలో రాగిజావ పోస్తోంది. జావంటే మన అంబలే. బెల్లం, వేరుశనగ కలిపిన చిక్కీ ఇస్తోంది, గుడ్డు ఇస్తోంది. ఇంటర్వెల్లో ఐదు రూపాయల కారం తిన్న పిల్లకు ఆ జావ చప్పగా అనిపిస్తుంది, పారబోస్తుంది. అదే అసలు నష్టం. ప్యాకెట్టు చేసే చెడు ఒకటైతే, అది తిననివ్వకుండా చేసే మంచి రెండు.

ఇంకో సంగతి మనసులో కెలుకుతోంది, రాసేస్తాం. రైవాడ జలాశయం నీళ్లు మన మండలంలోనివి, విశాఖ నగరం తాగుతోంది. శారదా నది ఒడ్డున పండిన వంకాయ, టమాటా, బీరకాయ తెల్లవారుజామున వ్యానులెక్కి పట్నం వెళ్తున్నాయి. అదే దారిలో మధ్యాహ్నానికి ప్యాకెట్ల వ్యాను మన ఊరొస్తోంది. నిన్నమొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అన్నారు. జిల్లా పేరు మారింది, వ్యానుల దారి మారలేదు. పట్నం మీద ఏడ్వడం మా ఉద్దేశం కాదు. కూరగాయలు పండించే ఊళ్లో పిల్లలు కూర తినకపోవడం ఏమిటి?

చట్టం మన వైపే ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు బడిలో గానీ, బడి గేటుకు 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదని, వాటి ప్రకటనలు పెట్టకూడదని ఆహార భద్రత సంస్థ 2020లో నియమం తెచ్చింది. 50 మీటర్లంటే పెద్దమనిషి మామూలు నడకలో డెబ్బై అడుగులు. మేం ఒక బడి గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటూ నడిచాం. ముప్పయ్యో అడుగులోనే మొదటి ప్యాకెట్ల దండ మా తలకు తగిలింది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి, గుర్తుందా? రోడ్లడిగాం, కాలవలడిగాం, ఉపాధి పనులడిగాం. రాబోయే గ్రామసభలో ఇంకొకటి అడుగుదాం. ఒక్క పేరా తీర్మానం చాలు: మా పంచాయతీలో బడి గేటుకు 50 మీటర్ల లోపల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, రంగు ఐసులు అమ్మబోమని. ఆ కొట్లవాళ్లు నష్టపోకుండా అదే చోట డ్వాక్రా అక్కలు చేసిన చిమ్మిలి ఉండలు, ఉడికించిన సెనగలు, వేయించిన వేరుశనగలు, అరటిపళ్లు, చిలగడదుంపలు పెట్టి అమ్మాలని. కాలానికి తగ్గట్టు పనసతొనలు, సీతాఫలాలు, తాటి తేగలు ఉండనే ఉన్నాయి. పంతుళ్లు పుట్టినరోజు చాక్లెట్లు ఆపి, "పళ్లు తెస్తేనే చప్పట్లు" అనాలి. ఊళ్లో ఒక్క కొట్టాయన మాత్రమే మానేస్తే ఆయన ఓడిపోతాడు. అన్ని కొట్లూ ఒకే రోజు మానేస్తే పిల్లలకు వెళ్లడానికి పక్క కొట్టు ఉండదు. ఆ కొట్టాయన చెప్పిన మాటకు జవాబు ఇదొక్కటే.

గ్రామసభ దాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లు, ఈ వారంలోనే ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు వెళ్లి బీపీ, సుగరు చూపించుకోండి. డబ్బు అడగరు. ఆశ అక్క ఇంటికొచ్చి అడిగితే "నాకేం లేదు" అని పంపేయకండి. బీపీ ఉన్నట్టు ఒంటికి తెలియదు, ముందు కిడ్నీకో గుండెకో తెలుస్తుంది. ఇంట్లో ఉప్పు డబ్బాలో పెద్ద చెంచా తీసేసి చిన్న చెంచా వేయండి. వారంలో రెండు రోజులు రాత్రి అన్నం బదులు చోడి సంకటో, అంబలో, ఉలవచారుతో జొన్నరొట్టో తినండి. ఒకేసారి అన్నీ మానేస్తామని ఒట్లు పెట్టుకోకండి, అలాంటి ఒట్లు సంక్రాంతి దాకా కూడా నిలవవు.

రంగు నీళ్ల ప్యాకెట్లు కనబడితే తయారీ తేదీ, పద్నాలుగంకెల ఆహార లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఉచిత ఫోను 1800112100కి చెప్పండి. మీ పేరు చెప్పడానికి జంకితే మా దగ్గరికి రండి, కలిసి చేద్దాం.

గ్రామసభకు వచ్చేటప్పుడు ఒక పని చేయండి. ఈ రోజు నుంచి మీ పిల్లలు తిన్న ప్యాకెట్ల ఖాళీ కవర్లు పారేయకుండా ఒక సంచిలో వేయండి. ఆ సంచి పట్టుకుని రండి. సర్పంచ్ గారి బల్ల మీద అందరం కలిపి పోద్దాం. మా కాగితం కన్నా ఆ కుప్ప బాగా మాట్లాడుతుంది.

ఇట్లు,
దేవరాపల్లి మండలంలోని కొందరు తల్లిదండ్రులు, బడి పంతుళ్లు, ఇద్దరు కొట్టు యజమానులు

చదివాక పక్కింటివాళ్లకివ్వండి.